ఆంకా నంబరు తగ్గింది, గొంతులో చప్పుడు ఎందుకు తగ్గలేదు?

మీరు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి రాసుకుంటా, తప్పుంటే సరిచేయండి. మీ అక్కకి 34 ఏళ్ళు, రెండేళ్ళ క్రితం జీపీఏ అని తేలింది, అంటే గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజైటిస్, రక్తనాళాల ఆటోఇమ్యూన్ జబ్బు. రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చారు, ఆంకా టెస్టులో కొలిచే పీఆర్-3 యాంటీబాడీ 142 నుంచి 18కి దిగింది, ల్యాబు వాళ్ళు కింద నెగిటివ్ అని కూడా రాసిచ్చారు. కానీ మెట్లెక్కితే గొంతులోంచి ఈల లాంటి చప్పుడు, మాట బొంగురు, స్కోప్ వేసి చూస్తే స్వరతంత్రుల కింద శ్వాసనాళం ఇరుకైంది, గ్రేడ్ 2 సబ్‌గ్లాటిక్ స్టెనోసిస్ అన్నారు. మీ అనుమానం ఏంటంటే, శ్వాసనాళం మీద దాడి చేసే యాంటీబాడీ ఇంకోటి ఏదో లోపల మిగిలిపోయిందా, దానికి వేరే టెస్టు ఉందా, అది కూడా సున్నా అయితే గొంతు మళ్ళీ తెరుచుకుంటుందా అని.

మంచి ప్రశ్నండి. నేను ఇమ్యునాలజీ ల్యాబులో మైక్రోస్కోప్ ముందు కూర్చుని మొదలుపెట్టి తర్వాత పేషెంట్ల వైపు వచ్చినదాన్ని, కాబట్టి రెండు వైపులా చూసిన అనుభవంతో చెప్తా. మీ అక్క రిపోర్టులో ఉన్న యాంటీబాడీ శ్వాసనాళం మీద గురిపెట్టింది కాదు, అసలు రక్తనాళం మీద గురిపెట్టింది కూడా కాదు. అది గురిపెట్టింది న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం లోపల దాక్కున్న ప్రోటీన్ మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటాం చూడండి, ఇక్కడ జరిగేది అచ్చం అదే, పగిలేది దుత్త. ఆ దుత్త మీ అక్క విషయంలో ముక్కు, గొంతు.

ఆంకా అంటేనే న్యూట్రోఫిల్ సైటోప్లాజమ్‌ని పట్టుకునే యాంటీబాడీ అని. 1982లో ఆస్ట్రేలియా డాక్టర్లు కిడ్నీ వాపు ఉన్న కొద్దిమందిలో దీన్ని మొదట గమనించారు, 1985లో డచ్, డేనిష్ డాక్టర్లు కలిసి ఇది ఈ జబ్బుకి (అప్పట్లో వెగనర్స్ అనేవాళ్ళు, 2011లో పేరు మార్చారు) గట్టి గుర్తు అని చూపించారు. పాత పద్ధతిలో టెస్టు ఎలా చేసేవాళ్ళమో చెప్తే మీకు విషయం కళ్ళకి కడుతుంది. ఎవరో ఆరోగ్యవంతుడి న్యూట్రోఫిల్స్‌ని గాజు పలక మీద ఆల్కహాల్‌తో అంటించి ఉంచుతాం, దాని మీద పేషెంట్ సీరమ్ చుక్క వేసి, కడిగి, ఆకుపచ్చగా వెలిగే రంగు తగిలించిన ఇంకో యాంటీబాడీ వేసి చీకటి గదిలో చూస్తాం. న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా ఉంటుంది కదా, పీఆర్-3 యాంటీబాడీ ఉంటే కేంద్రకం నల్లగానే ఉండి దాని చుట్టూ ఆకుపచ్చ రవ్వలు చల్లినట్టు కనపడతాయి, తమ్మెల మధ్య సందులో మరీ ఎక్కువ వెలుగు, అది సి-ఆంకా. ఎంపీఓ అనే ఇంకో ప్రోటీన్ మీద యాంటీబాడీ అయితే వెలుగంతా కేంద్రకం అంచుకి అంటుకుంటుంది, అది పి-ఆంకా. సరదా ఏంటంటే ఈ రెండోది నిజానికి ఆల్కహాల్ చేసిన మాయ, ధనావేశం ఉన్న ఎంపీఓ రేణువుల్లోంచి జారిపోయి ఋణావేశం ఉన్న కేంద్రకానికి అతుక్కుంటుంది, అదే ఫార్మలిన్‌తో స్లైడు చేస్తే అది కూడా సైటోప్లాజమ్‌లోనే కనపడుతుంది. ఇప్పుడు చాలాచోట్ల స్లైడు పక్కన పెట్టి నేరుగా పీఆర్-3, ఎంపీఓ నంబర్లే కొలుస్తున్నారు, 2017లో అంతర్జాతీయంగా అలాగే చేయమని ఒప్పందానికి వచ్చారు కూడా. నేను చెప్పొచ్చేదేంటంటే ఆ పలక మీద శ్వాసనాళం ముక్క ఎక్కడా లేదు. 142 అయినా 18 అయినా ఆ నంబరు మీ అక్క గొంతుని తాకి కూడా చూడలేదండి.

మరి గొంతు ఎలా దెబ్బతింది? పీఆర్-3 మామూలుగా న్యూట్రోఫిల్ లోపల రేణువుల్లో ఉంటుంది, ప్రోటీన్లని కోసే కత్తెర లాంటి ఎంజైమ్ అది. ఏదో ఇన్‌ఫెక్షనో ఇంకోటో వచ్చి కణం ఉలిక్కిపడ్డప్పుడు అందులో కొంత కణం పైపొర మీదకి వస్తుంది. యాంటీబాడీ అక్కడ దాన్ని పట్టుకుంటుంది, పట్టుకోగానే న్యూట్రోఫిల్‌కి పూనకం వచ్చినట్టై సన్న రక్తనాళం గోడకి అతుక్కుని తన దగ్గరున్న ఎంజైములు, విషపు ఆక్సిజన్ రూపాలు అన్నీ అక్కడే కుమ్మరించేస్తుంది, తన డీఎన్ఏనే వలలాగా విసిరేస్తుంది కూడా. గోడ చిల్లులు పడుతుంది. దీనికి సాక్ష్యం ఏంటంటే ఈ జబ్బులో కిడ్నీ బయాప్సీ తీసి రంగు వేసి చూస్తే యాంటీబాడీ అక్కడ పేరుకుపోయి ఉండటం దాదాపు కనపడదు, చాలా కొంచెం, లేదంటే ఏమీ ఉండదు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తుంది గానీ అగ్గిపుల్ల మాత్రం దొరకదు, అలా అన్నమాట.

ఇంకో మెలిక ఉంది. ఎంపీఓ యాంటీబాడీ ఒక్కటి ఎక్కిస్తే చాలు ఎలుకలకి కిడ్నీ వాపు వచ్చేస్తుందని 2002లో చూపించారు, పీఆర్-3తో మాత్రం అలాంటి నమూనా అంత తేలిగ్గా కుదరలేదు. పైగా ముక్కులో, గొంతులో కనపడేది ఒట్టి రక్తనాళం వాపు కాదు, గ్రాన్యులోమా. టి కణాలు, మాక్రోఫేజ్‌లు, పెద్ద పెద్ద జెయింట్ కణాలు, అన్నీ రోగనిరోధక కణాలే, గుంపుగా చేరి కట్టుకున్న గూడు అది. ముక్కు లోపలి పొరలో అయితే యాంటీబాడీల తయారీకి మూలమైన బి కణాలు కూడా చేరి చిన్న సైజు లింఫ్ గ్రంథిలాగా సంసారం పెట్టేసుకున్న దాఖలాలు ఉన్నాయి. అందుకే ముక్కు, గొంతు వరకే ఉన్న జీపీఏలో ఆంకా అసలు నెగిటివ్‌గా ఉండటం మిగతా వాళ్ళకంటే ఎక్కువ చూస్తాం. యాంటీబాడీ మొత్తం కథ అయ్యుంటే ఇలా ఉండకూడదు కదా. నా అభిప్రాయం ఏంటంటే కిడ్నీ విషయంలో ఆంకాకి ఇచ్చినంత గౌరవం గొంతు విషయంలో ఇవ్వక్కర్లేదు.

సరే, నిజంగానే శ్వాసకోశాన్ని గురిపెట్టి కొట్టే యాంటీబాడీలు అసలు లేవా అంటే ఉన్నాయి, కానీ అవి వేరే జబ్బులు. అందరికంటే స్పష్టమైన ఉదాహరణ యాంటీ-జీబీఎం జబ్బు, పాతపేరు గుడ్‌పాశ్చర్. అక్కడ యాంటీబాడీ నేరుగా టైప్ 4 కొలాజెన్ అనే పొర ప్రోటీన్‌లోని ఆల్ఫా-3 గొలుసు చివర పట్టుకుంటుంది, ఆ గొలుసు కిడ్నీ జల్లెడ పొరలోనూ ఊపిరితిత్తుల గాలితిత్తుల పొరలోనూ ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి రక్తం కారతాయి. బయాప్సీలో గీత గీసినట్టు సన్నగా పొర పొడవునా యాంటీబాడీ వెలుగుతుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. ఇందులో కూడా ఒక చిత్రం ఉంది, సిగరెట్ తాగేవాళ్ళకే ఊపిరితిత్తుల్లో రక్తం కారడం ఎక్కువ, అంటే యాంటీబాడీ ఉన్నా పొర ముందే దెబ్బతిని దారి ఇస్తేనే అది లోపలికి చేరుతుందని అనుకుంటారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి ఆంకా కూడా పాజిటివ్ వస్తుంది, అందుకే ఊపిరితిత్తుల్లో రక్తం పడితే రెండు టెస్టులూ కలిపి పంపుతాం. కానీ ఇది లోపలి గాలితిత్తుల గొడవ, మీ అక్కకున్న పై గొట్టం ఇరుకు కాదు.

మీరడిగిన దానికి ఇంకా దగ్గరగా వచ్చేది రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్, మృదులాస్థి మీద జబ్బు. చెవి ఎర్రగా వాచిపోతుంది గానీ కింద తమ్మె మాత్రం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే తమ్మెలో మృదులాస్థి లేదు, ఈ ఒక్క గుర్తుతో జబ్బు పట్టేసిన సందర్భాలు ఉన్నాయి. ఇందులో టైప్ 2 కొలాజెన్ మీద యాంటీబాడీలు కొంతమందిలో దొరుకుతాయి, మేట్రిలిన్-1 అనే ప్రోటీన్ మీద కూడా. ఈ మేట్రిలిన్ పెద్దవాళ్ళలో శ్వాసనాళం, ముక్కు, చెవి మృదులాస్థిలో ఉంటుంది, కీళ్ళ మృదులాస్థిలో ఉండదు, ఎలుకలకి దాన్ని ఇంజెక్ట్ చేసి రోగనిరోధక వ్యవస్థని రెచ్చగొడితే వాటికి శ్వాసనాళం, ముక్కు దెబ్బతిన్నాయి. కాబట్టి శ్వాసనాళం యాంటీబాడీ అనే మాటకి ఎక్కడైనా న్యాయం జరిగిందంటే అక్కడే. అయినా సరే ఈ యాంటీబాడీలు అందరిలో ఉండవు, కొలాజెన్‌ది రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో కూడా కనపడుతుంది, అందుకని రోగనిర్ధారణకి వాడే టెస్టు కాలేదు. మీ అక్కకి ఇది కాదని ఎలా తెలుస్తుందంటే సీటీ స్కాన్ చూస్తే చాలావరకు తెలుస్తుంది. శ్వాసనాళం వెనక గోడలో మృదులాస్థి ఉండదు, ఒట్టి కండ పొర. పాలీకాండ్రైటిస్‌లో ముందు, పక్క గోడలు మందమై వెనక గోడ శుభ్రంగా ఉంటుంది, జీపీఏలో చుట్టూ మొత్తం గాజు తొడిగినట్టు మందమవుతుంది. స్కాన్ రిపోర్టులో ఆ ముక్క రాశారేమో చూడండి, రాయకపోతే అడగండి.

ఇంకోటి కూడా చెప్పి ముందుకెళ్తా. ఈజీపీఏ అని ఆస్తమాతో, ఇసినోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లరక్తకణాలు పెరగడంతో వచ్చే దగ్గరి బంధువు జబ్బు ఉంది, అందులో రక్తంలో ఆంకా నెగిటివ్ ఉన్న కొంతమందికి కఫంలో మాత్రం ఆంకా దొరికిందని కెనడాలో మెక్‌మాస్టర్ వాళ్ళు చూపించారు. అంటే యాంటీబాడీ రక్తంలోకి రాకుండా శ్వాసనాళంలోనే తయారై అక్కడే పని చేసుకుపోవచ్చు అన్నమాట. ఆసక్తిగా ఉంటుంది, నాకూ ఇష్టమైన విషయమే, కానీ అది పరిశోధన ల్యాబుల్లో చేసేది. డబ్బులు తీసుకుని శ్వాసనాళం యాంటీబాడీల ప్యానెల్ అని ఎవరైనా చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, వచ్చిన ఫలితంతో మందు మార్చే పరిస్థితి ఉండదు.

ఇక అసలు విషయం, నంబరు తగ్గినా గొంతు ఎందుకు తెరుచుకోలేదు. వాపు వేరు, మచ్చ వేరు. స్వరతంత్రుల కింద క్రికాయిడ్ అని ఒక మృదులాస్థి ఉంది, శ్వాసమార్గం మొత్తంలో పూర్తి ఉంగరంలా మూసుకుని ఉండేది అదొక్కటే, మిగతావన్నీ వెనక తెరిచి ఉన్న గుర్రపు నాడాలు. ఉంగరం లోపల వాపు వస్తే బయటికి జరగడానికి చోటు లేదు, లోపలికే పెరగాలి. వాపు నెలల తరబడి ఉండి మానుతున్నప్పుడు అక్కడ నార కణజాలం, అంటే మచ్చ పడుతుంది, మచ్చ ముడుచుకుంటుంది. రిటుక్సిమాబ్ బి కణాల్ని తీసేస్తుంది, కొత్త యాంటీబాడీ తయారీ మెల్లగా పడిపోతుంది (రక్తంలో అప్పటికే ఉన్న ఐజీజీ రకం యాంటీబాడీ సగానికి తగ్గడానికే మూడు వారాలు పడుతుంది, అందుకే నంబరు నెలల మీద దిగుతుంది), కానీ మచ్చలో బి కణాలు లేవు, న్యూట్రోఫిల్స్ లేవు, కాబట్టి మందుకి అక్కడ పనే లేదు. అగ్గి ఆర్పాం, కూలిన గోడ అలాగే ఉంది. ఇది తిరగేసి కూడా చూస్తాం, కిడ్నీ, ఊపిరితిత్తులు అంతా ప్రశాంతంగా ఉండి, ఆంకా నెగిటివ్‌గా ఉండి, గొంతు ఒక్కటి మెల్లగా బిగుసుకుపోతూ ఉండటం. జీపీఏ వాళ్ళలో పదిమందికి ఒకరిద్దరికి ఈ ఇరుకు వస్తుంది, ఆడవాళ్ళలో, చిన్నవయసులో జబ్బు మొదలైనవాళ్ళలో ఎక్కువ.

అందుకని గొంతుని గొంతుతోనే కొలవాలి. నా దగ్గరికి ఒకామె ఏడాదిన్నర ఇన్‌హేలర్లు వాడి వచ్చింది, అందరూ ఆస్తమా అన్నారు, పిల్లికూతలు అన్నారు. స్టెత్ వీపు మీద కాకుండా మెడ మీద పెడితే చప్పుడు అక్కడే గట్టిగా ఉంది, అది కూడా గాలి లోపలికి పీల్చేటప్పుడు. ఆస్తమా కూత ముఖ్యంగా వదిలేటప్పుడు ఉంటుంది. ఆమె పాత స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊది చేసే శ్వాస పరీక్ష, కాగితాలు తెమ్మంటే సంచి నిండా తెచ్చింది, ఒక్కటి చూడగానే అర్థమైంది. మామూలుగా గ్రాఫ్‌లో గాలి వదిలే గీత కొండ శిఖరంలా నిటారుగా లేచి జారుతుంది, పీల్చే గీత కింద గిన్నెలా ఉంటుంది. ఆమెది పైనా కిందా రెండూ చదునుగా కోసేసినట్టు డబ్బా ఆకారం. ఏడాదిన్నర నుంచి ఆ డబ్బా ఆ కాగితాల మీద ఉంది, కింద కంప్యూటర్ అచ్చు వేసిన ఒక్క లైను చదివి ఊరుకున్నారంతే.

మీరు ఇంట్లోనే చేయగలిగిన లెక్క ఒకటి చెప్తా. రిపోర్టులో ఎఫ్ఈవీ1 (గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో వచ్చే గాలి) మిల్లీలీటర్లలోకి మార్చి, పీక్ ఫ్లో (గాలి వదిలే గరిష్ఠ వేగం) నిమిషానికి లీటర్లలో ఎంతుందో దాంతో భాగించండి. ఉదాహరణకి 2400ని 180తో భాగిస్తే 13 పైన వస్తుంది. 10 దాటితే పై గొట్టంలో అడ్డం ఉందేమో అని అనుమానించాలి, ఎంపీ ఇండెక్స్ అంటారు, 1972 నాటి లెక్క. మెషీన్ పీక్ ఫ్లోని సెకనుకి లీటర్లలో ఇస్తే 60తో గుణించుకోండి, ఇక్కడే అందరూ పొరపాటు పడేది. అయితే ఈ గ్రాఫులు, లెక్కలు అన్నీ గొట్టం 8–10 మిల్లీమీటర్ల దాకా ఇరుకయ్యాకే బయటపడతాయి, అంతకుముందు అంతా నార్మల్ అనే వస్తుంది. సుమారుగా 8 దగ్గర మెట్లెక్కితే ఆయాసం, 5 దగ్గరకొస్తే కూర్చున్నా చప్పుడు. ఇంత నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా ముంచేది ఎందుకంటే వ్యాసార్థం తగ్గేకొద్దీ గాలికి అడ్డు దాని నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది, గొట్టం సగమైతే అడ్డు రెండింతలు కాదు 16 రెట్లు, చప్పుడు చేస్తూ సుడి తిరిగే గాలికి ఇంకా ఎక్కువే. కాబట్టి మీ అక్కకి ఒక చిన్న జలుబు, ఒక మిల్లీమీటర్ వాపు, మనకి జలుబు లాంటిది కాదు.

వైద్యం విషయానికొస్తే గ్రేడ్ 2 అంటే 51 నుంచి 70 శాతం మూసుకుందని. మామూలుగా మత్తు ఇచ్చి నోటిలోంచే వెళ్ళి మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, రెండు మూడు చోట్ల గంటు పెట్టి, బెలూన్‌తో వెడల్పు చేస్తారు. ఇది ఒక్కసారితో అయిపోతుందని మీకు ఎవరూ మాట ఇవ్వలేరు, చాలామందికి మళ్ళీ చేయించాల్సి వస్తుంది, కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్ళకి. దాన్ని వైద్యం ఫెయిలవడం అనుకోకండి. లోపల ఎర్రగా వాపు ఉంటే ముందు దాన్ని మందులతో చల్లార్చి తర్వాత కోయడం మంచిదని నా అనుభవం, వాపు మీద లేజర్ తిప్పితే కొత్త మచ్చ పడి మొదటికంటే అధ్వాన్నం అయిన వాళ్ళని చూశాను. స్కోప్ చేసిన ఈఎన్‌టీ డాక్టర్ని ఒక్క ప్రశ్న అడగండి, అది ఎర్రగా కండగా ఉందా, తెల్లగా గట్టిగా ఉందా అని. ఎర్రగా ఉంటే మందులు ఇంకా పెంచే ఆలోచన ఉంటుంది, తెల్లగా ఉంటే రిటుక్సిమాబ్ ఇంకో కోర్సు వేసి లాభం లేదు, అనవసరంగా ఇన్‌ఫెక్షన్లు కొనితెచ్చుకోవడం. బయాప్సీ తీస్తే తేలిపోతుంది కదా అంటారేమో, అక్కడి ముక్కలో జీపీఏ అని ఖచ్చితంగా కనపడటం తక్కువే, ఒట్టి వాపు, మచ్చ అనే వస్తుంది ఎక్కువసార్లు.

ఆంకా నంబరు ఇకమీదట చూడక్కర్లేదా అని మీరు అడిగే లోపే చెప్తా, చూడాలి, మూణ్నెల్లకో ఎప్పుడో డాక్టర్ చెప్పినట్టు, కానీ నంబరు ఒక్కటి పెరిగిందని మందు మార్చకూడదు, పెరిగితే కిడ్నీ, యూరిన్, ఊపిరితిత్తులు ఇంకాస్త దగ్గరగా గమనించాలి, అంతే. ఒక ల్యాబు కిట్‌లో 18, ఇంకో ల్యాబులో 40 రావచ్చు, యూనిట్లు ఒకటి కావు, కాబట్టి ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ముక్కులో పెచ్చులు కడుతుంటే ఉప్పునీళ్ళతో రోజూ కడగమనండి, ముక్కులో స్టెఫ్ ఆరియస్ బాక్టీరియా కాపురం ఉన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 1994లోనే గమనించారు, అది కూడా డాక్టర్‌తో మాట్లాడండి.

కూర్చుని ఉన్నప్పుడు కూడా పీల్చేటప్పుడు చప్పుడు వస్తున్నా, వాక్యం మధ్యలో గాలి కోసం ఆగాల్సి వస్తున్నా, కఫం అడ్డం పడి బయటికి రాకపోతున్నా, తెల్లారేదాకా ఆగకుండా ఈఎన్‌టీ, అనస్థీషియా ఇద్దరూ ఉండే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, నెబ్యులైజర్ పెట్టి ఇంటికి పంపించే చోటికి కాదు. ఇంకొకటి, పన్నుదైనా అపెండిక్స్‌దైనా ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పాల్సింది స్వరతంత్రుల కింద ఇరుకు ఉందని. నోరు తెరిచి లైటు వేసి చూస్తే గొంతు అంతా బాగున్నట్టే కనపడుతుంది, ట్యూబు స్వరతంత్రులు దాటాక ఇరుక్కుంటుంది. స్కోప్‌లో కొలిచిన సైజు ఒక చీటీ మీద రాయించి ఆమె పర్సులో పెట్టించండి.